లోగో రంగు తేలేదాకా విడుదల వార్త ఆగుతుంది

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి, అంటే కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్‌కి, కోడ్ రాసేవాళ్లు దొరుకుతారు. బగ్‌లు పట్టేవాళ్లూ దొరుకుతారు. పట్టింది బగ్ కాదని వాదించేవాళ్లు ఇంకా ఎక్కువమంది దొరుకుతారు. దొరకనిదల్లా అలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని నలుగురికీ చెప్పేవాళ్లు. ఆ లోటు తీర్చడానికే ఏడాదిన్నర కిందట మా ప్రాజెక్టులో వాలంటీర్లతో ఒక ప్రచార బృందం పెట్టాం. కన్వీనర్‌ని నేనే. మమ్మల్ని చూసి ఇలాంటిది పెట్టుకోవాలని సరదా పడే ప్రాజెక్టుల కోసం నా అనుభవం ఇక్కడ రాస్తున్నాను.

మా సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే బృందం పనిలో పడ్డాక దాని ప్రస్తావన పెద్దగా రాదు. కంప్యూటర్‌లో చెల్లాచెదురుగా పడి ఉన్న ఫొటోలను తేదీల వారీగా సర్దిపెడుతుంది. అంతే.

బృందం పెట్టగానే చేయాల్సింది బృందానికి పేరు పెట్టడం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వేవాళ్లు నవ్వుతారు. పేరు లేకుండా గ్రూప్ ఎలా తెరుస్తాం? ఒకాయన 'మార్కెటింగ్' అన్నాడు. మనమేమైనా అమ్ముకునేవాళ్లమా అని ముగ్గురు అలిగారు. 'ప్రచారం' అంటే ఎన్నికల వాసన వస్తోందన్నారు. 'అవగాహన' అంటే ఏదో రోగం గురించి చెబుతున్నట్టుందన్నారు. నాలుగు వారాల తర్వాత 'తాత్కాలిక ప్రచార బృందం' అన్న పేరు తాత్కాలికంగా ఖాయమైంది.

పేరు కోసం ఇంత రచ్చ ఎందుకనేవాళ్లకి చరిత్ర తెలియదు. అసలు 'ఓపెన్ సోర్స్' అన్న మాటే ప్రచారంలో వచ్చిన చిక్కు తీర్చడానికి పుట్టింది. అంతకుముందు వాడుకలో ఉన్నది 'ఫ్రీ సాఫ్ట్‌వేర్'. ఫ్రీ అనగానే జనం స్వేచ్ఛను వదిలేసి ఉచితాన్ని పట్టుకునేవారు. 1998 ఫిబ్రవరిలో ఫోర్‌సైట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థలో ఉన్న క్రిస్టీన్ పీటర్సన్‌కి ఈ కొత్త మాట తట్టింది. అయితే ఆ నెలలోనే జరిగిన ఒక మీటింగ్‌లో ఆమె దాన్ని ప్రతిపాదించనే లేదు. ఆమె పరిచయస్తుడొకాయన మాటల మధ్యలో వాడేశాడు, మిగతావాళ్లూ తెలియకుండానే వాడేశారు. ఎజెండా లేదు, ఓటింగ్ లేదు, అభ్యంతరాలకు గడువు లేదు. ఇంత అరాచకంగా పెట్టిన పేరు ఇన్నేళ్లు నిలబడిందంటే అదృష్టం అనుకోవాలి.

లోగోల చరిత్రా ఇంతే సంగతులు. 1996లో లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని సృష్టించిన లినస్ టోర్వాల్డ్స్ దానికి గుర్తుగా పొట్ట నిండా చేపలు తిని తృప్తిగా కూర్చున్న పెంగ్విన్ కావాలన్నాడు, లారీ ఎవింగ్ అనే ప్రోగ్రామర్ గీసిచ్చాడు. లోగో పోటీల్లో ఆ బొమ్మ గెలవలేదు కూడా. అయినా లినక్స్ అంటే అదే. మేం ఆ తప్పు చేయదలచుకోలేదు. మా లోగో ఆకుపచ్చగా ఉండాలా, ఇంకాస్త ఆకుపచ్చగా ఉండాలా అన్న చర్చ పదకొండో నెలలోకి వచ్చింది. మమ్మల్ని 'సైకిల్ షెడ్' బ్యాచ్ అని వెక్కిరించేవాళ్లున్నారు. అణు రియాక్టర్ ప్లాన్‌ని నిమిషాల్లో ఒప్పేసుకునే కమిటీ సైకిళ్ల షెడ్డు దగ్గర గంటలు కొట్లాడుతుందని పార్కిన్సన్ అనే రచయిత ఎప్పుడో చెప్పిన మాట అది. 1999లో ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల గొడవల్లోంచి సాఫ్ట్‌వేర్ లోకమంతా పాకింది. దాన్ని తిట్టుగా వాడతారు గానీ నాకు మెచ్చుకోలుగానే వినిపిస్తుంది. రియాక్టర్ గురించి ఇద్దరికే తెలుసు. రంగు గురించి తెలియనివాడు ఎవడు?

ఇక అసలు పని, అంటే విడుదల ప్రకటన. ఇది ఎలా జరగాలో కాస్త వివరంగా చెప్పాలి.

కొత్త వెర్షన్ వచ్చింది. ఒకే ఫొటో రెండు మూడు చోట్ల ఉంటే పట్టుకుని చూపించడం అందులో కొత్త సంగతి. అప్పుడే చేరిన ఒక అమ్మాయి, పద్ధతులు ఇంకా తెలియవు పాపం, పది నిమిషాల్లో రాసి పెట్టేసింది: "మీ దగ్గర ఒకే ఫొటో నాలుగుసార్లు ఉందా? ఏవి డూప్లికేట్లో ఇక మా సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ఉంచాలో తీసేయాలో మీ ఇష్టం."

చదవగానే అర్థమైపోయింది. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

డాక్యుమెంట్ తెరిచి అందరికీ ఎడిట్ చేసే వీలిచ్చాం. 'ఒకే ఫొటో' అనడం తప్పన్నాడు ఆ భాగం కోడ్ రాసినాయన. అది పోల్చేది ఫొటోలను కాదట, ఫైళ్ల హ్యాష్‌లను, అంటే ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తులను. సైజు తగ్గించి దాచుకున్న కాపీని పట్టుకోదట. నిజమే, కొట్టేశాం. 'నాలుగుసార్లు' అంటే ఐదుసార్లు ఉన్నప్పుడు పనిచేయదనుకుంటారని ఇంకొకరు. 'మా సాఫ్ట్‌వేర్' ఏమిటి, ఓపెన్ సోర్స్ కదా, అందరిదీ అని మా లైసెన్సుల పండితుడు. 'తీసేయాలో' అన్న మాట చూస్తే ఫొటోలు పోతాయేమోనని జనానికి టెన్షన్ అని ఒకావిడ. ప్రశ్నతో మొదలుపెడితే సబ్బు ప్రకటనలా ఉందని నేనన్నాను. కన్వీనర్ అన్నాక ఏదో ఒకటి అనాలి. గంటా నలభై నిమిషాలు గడిచేసరికి ఇది మిగిలింది: "వెర్షన్ 3.2 విడుదలైంది. ఇందులో పలు మెరుగుదలలు ఉన్నాయి."

ఇందులో ఒక్క తప్పు చూపించండి చూద్దాం. 'మెరుగుదలలు' అని అప్పుడే అనేయడం తొందరపాటని ఒకాయన పట్టుబడితే ఆ అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాసుకున్నాం. కొత్త లోగో లేకుండా ప్రకటన ఇవ్వకూడదని తీర్మానం ఉంది కాబట్టి దాన్ని ప్రస్తుతానికి ఫోల్డర్‌లో భద్రపరిచాం. ఆ అమ్మాయి తర్వాతి మీటింగ్‌కి రాలేదు. టైమ్ జోన్ కుదరలేదేమో అనుకున్నాం.

వాలంటీర్లు సాధించిన ఘనకార్యాలు చెప్పమంటే అందరూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరే చెబుతారు. 2004 డిసెంబర్ 16న జనం తలా కొంత వేసుకుని న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన ఇచ్చారు. చందాలిచ్చిన దాదాపు 10,000 మంది పేర్లు అందులో అచ్చేశారు. 2008 జూన్ 17న మొదలుపెట్టి 24 గంటల్లో 80,02,530 డౌన్‌లోడ్లతో గిన్నిస్ రికార్డు కొట్టారు. ఇందులో మాకు బాగా నచ్చింది పేర్లు అచ్చేయడం. వెంటనే 'బృంద సభ్యులు' జాబితా తయారీకి పూనుకున్నాం. అక్షర క్రమంలో వేద్దామన్నారు. ఏ భాష అక్షరాలు? ఉపసంఘం చూస్తోంది.

టీ షర్టుల విషయంలో మాత్రం మేం జాగ్రత్తపరులం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి సాయం చేయమని ఏటా అక్టోబర్‌లో పెట్టే హ్యాక్టోబర్‌ఫెస్ట్, 2020లోది గుర్తుంది కదా. పుల్ రిక్వెస్ట్‌లు, అంటే కోడ్‌లో చేర్చమని మార్పులు, పంపితే టీ షర్ట్ ఇస్తామన్నారు. ఇంకేముంది, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్లలో 'అద్భుతమైన ప్రాజెక్ట్' అని ఒక ముక్క చేర్చి పంపినవాళ్లతో ప్రాజెక్టులు నడిపేవాళ్ల తల వాచిపోయింది. నిర్వాహకులు మధ్యలోనే రూల్స్ మార్చి, ఇష్టపడ్డ ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. నా మాటగా ఒకటి చెబుతాను. మా ప్రాజెక్టును అద్భుతం అన్నవాళ్లు ఆ నెల తర్వాత మళ్లీ కనబడలేదు.

ప్రచారమే దండగ, సరుకు మంచిదైతే అదే పాకుతుంది అనే వర్గం ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటుంది. వాళ్ల నోరు మూయించడానికి ఇంటర్నెట్‌లో పంపే సమాచారాన్ని పరాయివాళ్లు చదవకుండా కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కథ చాలు. ఇంటర్నెట్‌లో ఎన్నో సర్వర్లు దాని మీదే నడుస్తున్నా, దానికి ఏటా వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దగ్గరే ఉండేవి. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే ప్రమాదకరమైన బగ్ బయటపడ్డాకే దాని పేరు జనం నోళ్లలో పడింది. ఆ బగ్‌కి పలకడానికి తేలికైన పేరుంది, నెత్తురు కారే గుండె లోగోగా ఉంది, రంగు మీద ఏ గొడవా లేదు. సాఫ్ట్‌వేర్‌కి లేని ప్రచార బృందం బగ్‌కి ఉందన్నమాట. మనం కూడా మంచి బగ్ ఒకటి చూసుకుంటే ఎలా ఉంటుందని మావాళ్లలో ఒకరు అడిగారు. డిజైనర్ ఖాళీగా లేనందువల్ల వాయిదా వేశాం.

చివరగా, ఈ మధ్యే మేం దాటిన ఒక సంక్షోభం గురించి చెప్పాలి. రెండు నెలల కిందట డౌన్‌లోడ్లు ఒక్కసారిగా పెరిగాయి. సర్వర్ చూసుకునే ఆయన ఎవరో దాడి చేస్తున్నారని హడలిపోయాడు. ఆరా తీస్తే తేలింది, ఆ అమ్మాయి రెండు నిమిషాల వీడియో ఒకటి చేసి పెట్టిందట. స్క్రిప్ట్ లేదు, మ్యూజిక్ లేదు. వెనక ఫ్యాన్ చప్పుడు. "అమ్మా, ఇక్కడ నొక్కు. ఎర్ర గీత ఉన్నవన్నీ డూప్లికేట్లు. కంగారుపడకు, నువ్వు చెప్పేదాకా ఏదీ పోదు." వాళ్లమ్మ కోసం చేసిందట. చూసినవాళ్లు వాళ్ల అమ్మలకి పంపారు.

వీడియో మూలన మా పాత లోగో ఉంది. అదీ ఇంకా ఆమోదం పొందని ఆకుపచ్చలో.

అత్యవసర మీటింగ్ పెట్టాం. ఏడాదిన్నరలో మొదటిసారి కోరం నిండింది. తొమ్మిదిమంది కలిసి ఉత్తరం రాశాం. లోగో నిబంధనలు ఖరారయ్యాక వాటికి అనుగుణంగా సవరించవలసిందిగా, అప్పటివరకు నిలిపివేయవలసిందిగా మర్యాదపూర్వకంగా కోరాం. అందరం ఒకే మాట మీద నిలిచి రాసిన ఉత్తరం, ఎవరూ ఒక్క కామా కూడా మార్చమనలేదు. నాలుగు రోజులకు ఆ అమ్మాయి "సరేనండీ" అని జవాబిచ్చి వీడియో తీసేసింది.

డౌన్‌లోడ్లు మామూలు స్థితికి వచ్చాయి. సర్వర్ చూసుకునే ఆయన ఫోన్ చేసి మరీ థ్యాంక్స్ చెప్పాడు.