జూట్ మిల్లు గేటు తాళానికి ఒక లేఖ

మహారాజశ్రీ గేటు తాళం గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా తమ ఎదుట ఎండలో నిలబడిన ముగ్గురిలో నేనొకణ్ని. మిగిలినవారు మా నాన్నగారు, మా అబ్బాయి. 'మిల్లు కథలు మిల్లులోనే వినండి, పాత కార్మికులకు సాదర స్వాగతం' అని, మూతపడిన మిల్లును మ్యూజియంగా మారుస్తూ తమ నెత్తిన కట్టిన ఫ్లెక్సీని నమ్మి విజయనగరం నుంచి బస్సెక్కి వచ్చాం. కాపలాదారు "తాళంసెవి నా కాడ నేదు బాబూ, ఆఫీసరుబాబు కాడుంది" అన్నాడు. ఆఫీసరుబాబు భోజనానికి వెళ్లారట. అది ఏ పెళ్లిభోజనమో గాని ఐదున్నరకూ ముగియలేదు.

చెరువుల్లో ఊరిన గోగునారతో బతికిన మిల్లు గోడమీద నెమలి బొమ్మ ఎందుకో అడగను. నా బాధల్లా మా నాన్నగారి చేతుల గురించే. నేత విభాగంలో మగ్గాల మోతకు మాట వినబడక ఆయన తరంవాళ్లు సైగలతో మాట్లాడుకునేవారు. బొటనవేలికి చూపుడువేలు రాసి విదిలిస్తే పోగు తెగిందని. అరచెయ్యి మెడకు ఆనిస్తే పనివాళ్లపై అజమాయిషీ చేసే సర్దారు వస్తున్నాడని. స్కాట్లండ్‌లోని డండీలో 1833లో కట్టిన వర్డంట్ వర్క్స్ మిల్లును 1996లో మ్యూజియంగా తెరిచారు. బెంగాల్ నారను తిమింగలం నూనెతో మెత్తబరచి నేసిన ఆ ఊళ్లోనూ కార్మికులది సైగల భాషే. అక్కడ దాన్ని వారసత్వమంటారు. ఇక్కడ మా నాన్నగారు దాన్ని గేటు ఊచల్లోంచి ఖాళీ ఆవరణకు చూపించారు.

"లాకౌటుకు ఏ సైగ, తాతా?" అని మావాడు ఆయన చెవి దగ్గర అరిచాడు.

"దానికి సైగెందుకురా? ఆ రోజు మోతే నేదు గదా."

ఇక మర్యాద నా వల్ల కాదు. ఆయనకు 76 ఏళ్లు. ఆ మగ్గాల ముందు నిలబడినవాళ్లు ఏటా తగ్గిపోతుంటే, రేపెవరో అద్దె వ్యాఖ్యాత మైకు పట్టుకుని చెప్పే కథకోసం మీరు లోపల దీపాలు అమరుస్తున్నారా? తెరవండయ్యా ముందు!

తిరిగి వస్తూ మా నాన్నగారు తమను అరచేతిలోకి తీసుకుని, తుప్పును గోటితో గీకి చూశారు. "నూనె నేక బిగిసిపోనాది పాపం" అన్నారు. వచ్చే ఆదివారం చిన్న సీసాలో నూనె పట్టుకొస్తారట. తాళంచెవి సంగతి తామే చూసుకోవలెను.

ఇట్లు,
ఎండకు నల్లబడిన ఒక మిల్లు కార్మికుడి కొడుకు