పెండింగ్ బిల్లుల లెక్క బయటపెట్టండి

పల్లెలో చెత్త ట్రాక్టర్ కదలాలంటే డీజిల్ పోయాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. దాదాపు రెండేళ్లు పాలకవర్గాలు లేవు కాబట్టి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ఆ రోజుల్లో ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ పంచాయతీ కార్యదర్శిని కదిలించినా ఒకటే మాట: చెక్కు ట్రెజరీకి పంపినం, బిల్లు అందినట్టు టోకెన్ నంబరు పడింది, పైసలు పడలేదు. బంకులో ఉద్దెర పెట్టి డీజిల్ పోయించినవాళ్లు, బోరు మోటారు కాలిపోతే జేబులోంచి రిపేరు చేయించినవాళ్లు వాళ్లలో ఉన్నారు. అంతకుముందు సీసీ రోడ్లు, మోరీలు, వైకుంఠధామాలు (శ్మశానవాటికలు) కట్టించిన మాజీ సర్పంచుల్లో మిత్తికి తెచ్చి పెట్టినవాళ్లు, ఇంట్లో బంగారం కుదువబెట్టినవాళ్లు ఎందరో.

రాష్ట్ర ఖజానా ఎలా ఉందో తెలియాలంటే ముందుగా చూడాల్సింది ఇక్కడే అని మేము నమ్ముతున్నాం. అసెంబ్లీలో చదివే అంకె ఎప్పుడూ ఘనంగానే ఉంటుంది. 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో ప్రాజెక్టులు, రోడ్లు, భవనాల వంటి వాటికి పెట్టే మూలధన వ్యయం 36,504 కోట్లు, అంటే వంద రూపాయల్లో పన్నెండు. రోజువారీ రాబడి, ఖర్చుల రెవెన్యూ ఖాతాలో 2,738 కోట్లు మిగులుతుందని రాశారు, అన్నీ కలిపితే అప్పుతో పూడ్చాల్సిన ద్రవ్యలోటు మాత్రం 54,009 కోట్లు. ఆ లోటు పూడ్చడానికే రిజర్వ్ బ్యాంకు మంగళవారాల్లో జరిపే వేలంలో రాష్ట్రం బాండ్లు అమ్మి అప్పు తెస్తోంది. ఇక బిల్లు వచ్చి కూడా చెల్లించకుండా ఉంచిన సొమ్ము లోటు లెక్కలోకే రాదు. ఎందుకంటే మన ప్రభుత్వ ఖాతాలు నగదు లెక్కలు, డబ్బు చేతులు మారితేనే ఖర్చు కింద రాస్తారు. బిల్లు ఎంతకాలం ఆపితే పుస్తకం అంత ఆరోగ్యంగా కనిపిస్తుంది.

అప్పు తప్పని మేము అనడం లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పిల్లల్ని చూసినవాళ్లెవరూ ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథకు అప్పు ఎందుకు చేశారని అడగరు. చేసిన పద్ధతి మీదే మా అభ్యంతరం. అప్పటి ప్రభుత్వం కార్పొరేషన్ పెట్టి దాని పేరు మీద బ్యాంకుల నుంచి, విద్యుత్ రంగ రుణ సంస్థల నుంచి అప్పు తెచ్చారు. నీళ్లు అమ్మి కిస్తీ కడతామన్నది కాగితం మీది మాట. ఇంటింటి నల్లా నీళ్లకు బిల్లు లేదు, సాగునీటికి శిస్తు లేదు. కాబట్టి ఆ కిస్తీలు కట్టేది బడ్జెట్టే. ఇలాంటి అప్పుల్ని కూడా రాష్ట్ర అప్పుగానే లెక్కిస్తామని 2022లో కేంద్రం తేల్చి చెప్పాక కొత్త అప్పుకు ఊపిరి ఆడని పరిస్థితి వచ్చింది. 2014-15లో 72,658 కోట్లున్న అప్పు, కార్పొరేషన్లవి కలుపుకొని 6,71,757 కోట్లకు చేరిందని 2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రం చెప్పింది. అంతకుముందు పాలించి ప్రతిపక్షంలోకి వచ్చిన బీఆర్‌ఎస్ దానికి జవాబుగా స్వేదపత్రం తెచ్చింది. ఆ వాదన ఇంకా తెగలేదు. నెలకు 18,500 కోట్లు వస్తే జీతాలు, పింఛన్లకు 6,500 కోట్లు, అప్పులకు దాదాపు అంతే పోతున్నాయని 2025లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డే అన్నారు. మిగిలిన దాంట్లోంచే రైతుభరోసా, సన్నబియ్యం, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, ప్రాజెక్టులు అన్నీ నడవాలి.

అయినా అన్నిటికీ పాత అప్పునే సాకుగా చూపడం సరికాదు. రిటైరైన ఉద్యోగుల సంగతే తీసుకోండి. 2021 మార్చిలో పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచారు. మూడేళ్లు రిటైర్మెంట్లు ఆగి 2024 మార్చి నుంచి మళ్లీ మొదలవుతాయని అప్పుడే తెలుసు. ఏ నెలలో ఎందరు దిగుతారో, ఎవరికి ఎంత గ్రాట్యుటీ ఇవ్వాలో సర్వీసు రిజిస్టర్లలోనే ఉంది. ఇంతకంటే ముందుగా తెలిసే ఖర్చు ఏముంటుంది? ఆనాటి ప్రభుత్వం దీనికంటూ దాచిపెట్టలేదు, వచ్చిన ప్రభుత్వం చెల్లింపులు ఆలస్యం చేసింది. జీపీఎఫ్ అయితే సర్కారు సొమ్మే కాదు. జీతంలోంచి నెలనెలా వాళ్లు దాచుకున్నది. బిడ్డ పెళ్లి కోసమో గుండె ఆపరేషన్ కోసమో తన డబ్బు తనకిమ్మని అడిగి ఆఫీసుల చుట్టూ తిరగడం ఆ మనుషులకు ఎంత టెన్షనో, ఎంత చిన్నతనమో పాలకులు ఆలోచించాలి.

  

దక్షిణ తెలంగాణకు అన్నిటికంటే ఎక్కువ నష్టం మధ్యలో ఆగిన పనుల వల్లే. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో 35,200 కోట్ల అంచనాతో శంకుస్థాపన చేశారు. 12.30 లక్షల ఎకరాలకు నీళ్లన్నారు. 2023 సెప్టెంబర్‌లో నార్లాపూర్ దగ్గర ఒక పంపు తిప్పి చూపించారు. కాలువల పని తేలకుండా ఆ నీళ్లు చేలకెలా పారతాయి? నల్లగొండకు గ్రావిటీతో కృష్ణా నీళ్లు తెచ్చే ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 43.9 కిలోమీటర్లు. రెండు దశాబ్దాలుగా సాగుతూ ఉండగానే 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కూలి ఎనిమిది మందిని బలి తీసుకుంది. పని ఆగిన ప్రతి ఏడూ అంచనా పెరుగుతుంది, తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తుంది, ఎకరం తడవదు. మూడు విధాలా నష్టమే. కొత్త శంకుస్థాపనలు ఆపి అయినా సరే, ముప్పాతిక వంతు అయిన పనుల్ని ముందు పూర్తి చేయాలి.

కొత్త బడ్జెట్‌తో పాటు ఒక చిన్న పుస్తకం సభలో పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఏ శాఖలో, ఏ జిల్లాలో ఎన్ని బిల్లులు ఆగాయి, ఏ తేదీ నుంచి ఆగాయి, ఏ వరుసలో ఇస్తారు అన్నది అందులో ఉండాలి. టోకెన్ నంబరు కొడితే తన బిల్లు ఎక్కడుందో ఎవరికైనా ఫోన్‌లో కనిపించాలి. పది లక్షల లోపు బిల్లులు ముందు ఇవ్వాలి, పెద్ద కాంట్రాక్టర్లు ఆ తర్వాత. పాలమూరు-రంగారెడ్డి పథకంలోని ఉద్దండాపూర్ రిజర్వాయర్ కోసం ఊళ్లకు ఊళ్లు వదులుకుంటున్న ఉద్దండాపూర్, వల్లూరు నిర్వాసితులకు పునరావాస ప్యాకేజీలో ఎంత ఇచ్చారు, ఎంత బాకీ ఉంది, అది ఏ నెలలో పడుతుంది అన్నది ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాయాలి.