తుపాను అలవాటు సునామీకి చాలదు

తిరుపతికి సముద్రంతో పనేమిటన్న భావన చాలాకాలం ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడి సూళ్లూరుపేట, తడ, వాకాడు మండలాలు ఇందులో చేరాక ఆ భావనకు చోటు లేకుండా పోయింది. తూపిలిపాళెం తీరం, శ్రీహరికోట, పులికాట్ ఒడ్డున బతికే మత్స్యకార గ్రామాలు ఇప్పుడు ఈ జిల్లా యంత్రాంగం బాధ్యత. సెలవు రోజుల్లో పిల్లాపాపలతో తూపిలిపాళెం వెళ్లే తిరుపతి కుటుంబాలు కూడా కొన్ని గంటలపాటు ఆ తీరవాసులే. భూకంపం వల్ల సముద్రం మీదికొస్తే వీళ్లంతా ఎటు వెళ్లాలో, ఎంతసేపట్లో వెళ్లాలో ముందుగానే తెలిసి ఉండాలని కోరుతూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన తీరానికి తుపాను కొత్త కాదు. వాయుగుండం ఏర్పడిన నాటి నుంచే కబురు అందుతుంది. ఓడరేవుల్లో హెచ్చరిక సూచికలు ఎగురుతాయి, గాలి దిశ మారుతుంది, పెద్దలు ఆకాశం చూసి పడవలను మెరక మీదికి లాగిస్తారు, వలలు, ఇంజన్లు భద్రం చేసుకున్నాకే ఇల్లు వదులుతారు. రెండు మూడు రోజుల వ్యవధి ఉన్నప్పుడు ఈ పద్ధతి సరైనదే, ఎన్నో ప్రాణాలను కాపాడింది కూడా. సునామీకి ఇదే పద్ధతి పాటిస్తే ప్రాణాల మీదికి వస్తుంది. 2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. సముద్ర స్నానాలకు జనం వెళ్లిన రోజు. తుపాను ముందు కనిపించే లక్షణం ఒక్కటీ లేదు. ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా సమీపాన సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూమి కంపిస్తే, దాదాపు రెండున్నర గంటల తరువాత అలలు మన తూర్పు తీరాన్ని తాకాయి. మన రాష్ట్రంలో వంద మందికి పైగా, దేశం మొత్తం మీద పది వేల మందికి పైగా చనిపోయారు. ఆ రెండున్నర గంటలూ తీరంలో ఎవరికీ ఏ కబురూ లేదు.

ఇప్పుడు ఆ లోటు చాలావరకు తీరింది. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే తొలి సమాచారం ఇచ్చే సామర్థ్యం దానికుంది. అంటే సుమత్రా వైపు నుంచి ముప్పు వస్తే మన చేతిలో దాదాపు రెండు గంటలు మిగులుతాయి. ఆ కబురు జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి మండలానికి, ఊళ్లోని మైకుకు చేరేసరికి, అది నిజమో కాదో నలుగురూ వాట్సాప్‌లో తేల్చుకునేసరికి, బడికి వెళ్లిన పిల్లల కోసం తల్లులు, పడవ కోసం తండ్రులు తలోవైపు పరుగెత్తేసరికి అందులో ఎంత మిగులుతుందన్నదే మా ఆందోళన.

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు జరిగిన రెండు ఘటనలను ప్రతి తీర మండల అధికారీ తెలుసుకోవాలి. ఒకావా ప్రాథమిక పాఠశాల వెనుకే కొండ ఉంది. భూకంపం తరువాత పిల్లలను ఆవరణలో నిలబెట్టి, ఎటు తీసుకెళ్లాలన్న చర్చలోనే సుమారు యాభై నిమిషాలు గడిపేశారు. 74 మంది పిల్లలను అల మింగేసింది. అదే రోజు కమైషి పట్టణంలో హైస్కూలు పిల్లలు ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా, పక్క బడి చిన్నపిల్లల చేతులు పట్టుకుని ఎత్తుకు పరుగెత్తి బతికారు. వాళ్ల చేత ఏళ్ల తరబడి ఆ పరుగును సాధన చేయించారు. రెండు చోట్లా భూకంపం ఒకటే, దేశం ఒకటే, ముందస్తు సాధనలోనే తేడా.

మన తీరంలో కొండలు లేవు. ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, పల్లపు నేల. కాబట్టి ఏ ఊరు ఎటు పోవాలో ఆ ఊరికి విడిగా తేల్చాలి. బకింగ్‌హాం కాలువ అడ్డున్న చోట దాటే వంతెన ఏది, అది జనాన్ని తట్టుకుంటుందా? తుపాను షెల్టర్లలో ఏవి అల తాకిడికి నిలుస్తాయో ఇంజనీర్లు పరిశీలించి చెప్పారా? పడవ తప్ప దారి లేని పులికాట్ దీవి ఊళ్లలో జనం ఎక్కడికి ఎక్కాలి? నడవలేని ముసలివాళ్లను, నిండు గర్భిణులను ఏ ఇంటివాళ్లు తీసుకెళ్లాలో పాళెం పెద్దలు పేర్లతో సహా రాసి పెట్టుకోవాలి. దారి చూపే బోర్డులు తూపిలిపాళెం వంటి చోట్ల తప్పనిసరి, ఎందుకంటే అక్కడికి వచ్చేవాళ్లకు ఊరి దారులు తెలియవు. ఇరుకు రోడ్డు మీద కార్లు, ఆటోలు చిక్కుకుంటే నడిచేవాళ్లకూ దారి ఉండదు కనుక, చేతనైనవాళ్లు కాలినడకనే కదలాలి.

తీరవాసులు స్వయంగా గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నేల గట్టిగా గానీ, చాలాసేపు గానీ కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా, వింత హోరు వినిపించినా మైకు కోసం ఎదురుచూడకూడదు. దూరాన పుట్టిన భూకంపం మనకు తెలియకుండానే పోవచ్చు, అప్పుడు హెచ్చరికే ఆధారం. ఆధార్, రేషన్ కార్డు, మందులు, టార్చిలైటు, తాగునీరు ఒకే సంచిలో సిద్ధంగా ఉంచుకోవాలి. అది చేతికందకపోతే దానికోసం వెనుదిరగకూడదు. లోతు నీటిలో వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు రాకూడదు. మొదటి అల చిన్నదిగా వచ్చి తరువాతివి పెద్దవి కావచ్చు కాబట్టి, అధికారులు చెప్పేవరకు గంటలు గడిచినా తిరిగి వెళ్లకూడదు.

ఒడిశాలో వెంకట్రాయపూర్, నోలియాసాహి గ్రామాలు సునామీకి సన్నద్ధమైనవిగా 2020లో యునెస్కో గుర్తింపు పొందాయి. మన మత్స్యకారుల తెలివి ఎవరికీ తీసిపోదు. ప్రపంచ సునామీ అవగాహన దినమైన నవంబరు 5న వాకాడు, తడ, సూళ్లూరుపేట తీర గ్రామాల్లో ఏటా జనమంతా కదిలే కసరత్తు జరపాలని, ఒకసారి పగలు జరిపితే మరోసారి చీకట్లో జరపాలని కలెక్టర్‌ను కోరుతున్నాం. ఇంకొక్క మాట. లక్షలు అప్పుచేసి కొన్న పడవను, ఇంజన్‌ను వదిలి పరుగెత్తమని చెప్పడం తేలిక. పోయిన పడవకు, వలకు ఎంత పరిహారం ఎన్ని రోజుల్లో ఇస్తారో ప్రభుత్వం ముందుగానే లిఖితపూర్వకంగా ప్రకటిస్తేనే ఆ మత్స్యకారుడు ఒడ్డు వైపు కాకుండా ఎత్తు వైపు అడుగు వేయగలుగుతాడు.