లూజు సిగరెట్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లూజు సిగరెట్టు గారికి,

ఉభయకుశలోపరి. ఊపిరితిత్తుల్ని ఈ కుశలంలో కలపలేదు, మన్నించాలి.

కాలేజీకి 100 గజాల లోపు మిమ్మల్ని అమ్మకూడదని 2003 నాటి చట్టం. ఆ మాట రాసిన బోర్డు గోడ మీదే ఉంటుంది. దాని నీడలోనే కిళ్లీకొట్టు, కొట్టుకి తాడు కట్టి వేలాడదీసిన లైటరు. గజాలు కొలిచే టేపు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

మీ తెలివంతా పెట్టె విప్పడంలోనే ఉంది. పెట్టెకి రెండువైపులా 85 శాతం మేర భయపెట్టే బొమ్మ ఉండాలని 2016 నుంచి నియమం. మానదలచినవాళ్ల కోసం 1800-11-2356 నంబరూ దాని మీదే. విడిగా ఒకటి కొన్న కుర్రాడికి బొమ్మా అందదు, నంబరూ అందదు. దడుచుకోవాల్సిన భారమంతా కొట్టాయన మీద పడింది, ఆయనకేమో అలవాటైపోయింది. పైగా పెట్టె కొంటే పది అయిపోయినట్టు తెలుస్తుంది. విడిగా కొంటే 'రోజుకి ఒకటే' అన్న లెక్క ఎన్నటికీ తప్పదు. పక్కవాడి దగ్గర లాగిన దమ్ములు ఎవరి ఖాతాలోనూ పడవు. పొద్దున లేచిన అరగంటలోపే మీరు కావాలనిపిస్తే మాత్రం అలవాటు గట్టిపడ్డట్టే. డాక్టర్లు ముఖ్యంగా అడిగేది అదే.

హాస్టల్లో మీ బంధువర్గానికి దక్కే హోదాలు చూడముచ్చటగా ఉంటాయి. బీడీ కూలివాళ్లది, చుట్ట తాతది, గుట్కా ఛీ, ఉమ్మాలి. ఫిల్టర్లో గోళీ టిక్కుమనిపిస్తే మింటు వాసనొచ్చే మీరు దొరబాబు. ఈ తీర్పులో పొగాకు ఊసే లేదు. ఇంట్లో వాసన పట్టిస్తుందా, సీనియర్ చేతిలో ఏముంది, ఫొటోలో ఏది నప్పుతుంది, అంతే. హుక్కా పొగని నీళ్లు వడగడతాయట! నీళ్లు చల్లారుస్తాయి, చల్లగా ఉంది కదా అని ఇంకా లోతుకి పీలుస్తారు. గంట కూర్చుంటే, ఒక సిగరెట్టుతో పోలిస్తే 100 నుంచి 200 రెట్ల పొగ లోపలికి పోవచ్చు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్ కొసరు. వేప్ (ఈ-సిగరెట్టు) అయితే 'ఆవిరే కదా' అంటారు. 2019లోనే నిషేధించిన సరుకు, చాటుగా అమ్మేవాడు అంటించిన చీటీని నమ్మాలి మరి.

ఒక మనవి. సిగరెట్టు సిగరెట్టు మీదా హెచ్చరిక అచ్చెయ్యాలని 2023లో కెనడా నియమం పెట్టింది. అక్కడికి చదువుకెళ్లిన మన పిల్లలు ముట్టించబోతే 'ప్రతి దమ్ములోనూ విషం' అని పెదవి దగ్గరే కనబడొచ్చు. మీ ఒంటి మీద జాగా లేదనకండి. బ్రాండు పేరుకి సరిపోతోందిగా.

చిత్తగించవలెను.

తా.క.: చిల్లరకి బదులు చేతిలో పెట్టే మింటు బిళ్ల నోటికే పనిచేస్తోంది. వేళ్లకీ, చొక్కా కాలరుకీ ఇంకేదైనా చూడండి.