గ్యాలరీ గోడ మీది వివరణ పలక గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గోడ పలక గారికి,

ఉభయకుశలోపరి. బొమ్మకి కుడిపక్కన, నడుముకి కాస్త పైన, చీమ తలకాయంత అక్షరాలతో అంటుకుని ఉండే మీకు రాయునది ఏమనగా, ఈమధ్య ఎగ్జిబిషన్లలో జనం బొమ్మ ముందు కంటే మీ ముందే ఎక్కువసేపు నిలబడుతున్నారు. బొమ్మకేసి ఓ చూపు, మీకేసి ఓ రెండు నిమిషాలు, మళ్లీ బొమ్మకేసి తిరిగి "ఓహో" అని తలూపడం. ఈ లెక్కన అక్కడ అసలు ఆర్టిస్టు మీరే. సంతకం ఒక్కటే తక్కువ.

మా ఊళ్లో ఒక గ్యాలరీలో ఇద్దరి ప్రదర్శన పెట్టారు. ఒకరివి పెయింటింగులు, ఒకరివి శిల్పాలు. ఇద్దరూ కలిసి చరిత్రను కొత్తగా ఊహించారని మీరే సెలవిచ్చారు. నాకు బాగా నచ్చింది ఒక నిలువెత్తు కంపెనీ సిపాయి. ఎర్ర కోటు, బొత్తాలు, తుపాకీ అన్నీ ఉన్నాయి, తల ఉండాల్సిన చోట మాత్రం ప్రెషర్ కుక్కరు. కొత్తది కూడా కాదు. పిడి ఒకపక్క కాలి ఉంది, విజిల్ చుట్టూ పప్పు పొంగి ఎండిపోయిన చారలు. ఓ చిన్నపిల్ల చూసి పకపకా నవ్వి, వెంటనే "ఇది ఎవరింట్లోది?" అని అడిగింది. వాళ్లమ్మ జవాబు కోసం మీ దగ్గరికే వచ్చింది పాపం. మీరేమో "వలస దేహానికీ గృహ శ్రమకీ మధ్య స్మృతి జరిపే సంభాషణ" అన్నారు. ఆ కుక్కరు ఎక్కడ దొరికింది, ఎన్నాళ్లు ఎవరికి వండిపెట్టింది, సిపాయి మెడ మీదికి ఎలా ఎక్కింది? ఒక్క ముక్క లేదు. ఆ మరకలు ఏ వంటింటివో రాసి ఉంటే మీరు చెప్పే చరిత్ర అక్కడే మొదలయ్యేది కదండీ!

చరిత్రను తిరగరాయడం ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడతారు గానీ, ఆ పని ఎప్పటినుంచో ఉంది. 1800లో నెపోలియన్ ఆల్ప్స్ దాటింది కంచరగాడిద మీద. ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ మాత్రం బొమ్మలో ఆయన్ని ముందుకాళ్లెత్తిన గుర్రమెక్కించి, కింద రాళ్ల మీద బోనపార్ట్ అనీ, పూర్వం ఆల్ప్స్ దాటిన హనిబల్ లాంటివాళ్ల పేర్లూ చెక్కినట్టు గీశాడు. 2005లో అమెరికన్ చిత్రకారుడు కెహిండే వైలీ అదే గుర్రం మీద, అదే భంగిమలో, మిలిటరీ మచ్చల బట్టలూ టింబర్లాండ్ బూట్లూ వేసుకున్న నల్లజాతి కుర్రాణ్ని కూర్చోబెట్టి, ఆ రాళ్ల మీద విలియమ్స్ అనే ఆ కుర్రాడి ఇంటిపేరు కూడా చేర్చాడు. 2020లో బ్రూక్లిన్ మ్యూజియం రెంటినీ ఒకే చోట చూపించింది. అదీ ఇద్దరి ప్రదర్శనే. కాకపోతే దావీద్ గారు 1825లోనే పోయారు కనుక ప్రారంభోత్సవానికి రాలేకపోయారు. గొడవంతా ఎవరి పేరు రాయికెక్కాలన్న దాని గురించే కదా. అది బొమ్మలోనే ఉంది. మీకు పనే లేదు.

మీ వంశంలో గొప్పవాళ్లు లేరని అనను. 1992లో బాల్టిమోర్‌లో ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ దాచుకున్న సామాన్లలోంచి నగిషీ చెక్కిన వెండి కూజాలు, గిన్నెలు తీసి, వాటి మధ్యలో బానిసలకు వేసిన ఇనుప సంకెళ్లు పెట్టాడు. పక్కన పలక మీద "లోహపు పని, 1793–1880" అని ఉంది. అంతే! ఎక్కడా సంభాషణ లేదు, స్మృతి లేదు. చదివినవాళ్లకి మాత్రం మాట పడిపోయి ఉంటుంది. ఆ పలక గారు మీ తాతగారు. అంతటివారి కడుపున పుట్టి మీరిలా తయారయ్యారేంటండీ?

నిజానికి తప్పంతా మీది కాదులెండి. మిమ్మల్ని రాసేవాళ్ల టెన్షన్ వాళ్లది. బొమ్మ పక్కన అమ్ముడైందని చెప్పే ఎర్రచుక్క పడాలి, కొనేవాళ్ల హాల్లో అది బెదురు పుట్టించకూడదు. ఎవరినీ నొప్పించని చరిత్ర కావాలి. "సంభాషణ" అనేస్తే ఎవరు ఎవర్ని ఏం చేశారో చెప్పక్కర్లేదు.

అంత ధైర్యమే ఉంటే ఒకసారి అమరావతి రాళ్ల పక్కన నిలబడండి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త ఊరు కట్టిస్తున్న రోజుల్లో అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బలోంచి రాళ్లు పెకలించారు. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ చూసి వెళ్లి, 1816లో మళ్లీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకి పంపాడు. 1859లో వాటిలో చాలా రాళ్లు ఓడెక్కి లండన్ చేరాయి. మనవాళ్లు కాల్చారు, దొరలు పట్టుకెళ్లారు. ఈ రెండు క్రియలూ పక్కపక్కన రాయగలరా? అప్పుడు చరిత్రను మీరేం ఊహించక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, ఊపిరాడదు.

చివరిగా చిన్న మనవి. వచ్చేసారి తెలుగులో కూడా కనిపించండి, అదీ మనుషులు రాసిన తెలుగులో. అక్షరాల సైజు కాస్త పెంచండి. వంగి వంగి చదివి నడుం పట్టేస్తే మూవ్ ట్యూబు ఖర్చు గ్యాలరీ వాళ్లు ఇవ్వరు కదా.

ఇట్లు,
టికెట్ లేని ప్రదర్శనలకి తప్పకుండా వచ్చే ఒక ప్రేక్షకుడు