డోర్‌లాక్

పత్తి ఏరే రోజుల్లో మా ఊరికి ఆరోగ్య సర్వే వచ్చింది. సరిగ్గా పొద్దున పదిన్నరకు వచ్చింది. ఆ వేళకు ఊళ్లో ఉండేది చంటిపిల్లలు, మంచం పట్టినవాళ్లు, నాలాగా కూర్చుని రాసుకునేవాళ్లు. మిగతా ఇళ్లన్నిటికీ తాళాలే. తాళం ఉన్న ప్రతి గోడ మీదా సుద్దముక్కతో తేదీ వేసి, కింద ‘డోర్‌లాక్’ అని రాసి పోయారు. సాయంత్రం వాడంతా ఒకసారి తిరిగి ఆ గోడలు చూసి గర్వంతో ఉప్పొంగిపోయాను. డోర్‌లాక్‌కు బీపీ లేదు, షుగర్ లేదు, దగ్గు లేదు, దమ్ము లేదు. ఇంత ఆరోగ్యంగా ఉండే జనం వరంగల్ చుట్టుపక్కల ఇంకెక్కడైనా ఉన్నారా?

కొందరికి ప్రతిదాంట్లో లోపమే కనబడుతుంది. జబ్బుతోనే పనికి పోయినవాళ్లను వదిలేసి, ఇంట్లో దొరికినవాళ్లను లెక్కపెడితే ఊరి అవసరం ఎట్లా తేలుతుందని వాళ్ల గొణుగుడు. ప్రణాళిక అన్నది దొరికినవాళ్ల కోసమేనని వాళ్లకు ఎవరు చెప్పాలి?

ఆశా అక్కను మాత్రం ఒక్క మాట అనను. వెయ్యి మందికి ఒక్కరు చొప్పున వేసిన మనిషి. చేతిలో టేపు, సంకలో రిజిస్టరు, సంచిలో బీపీ మిషన్. ఫోన్‌లో యాప్‌కు ఎక్కించింది అప్‌లోడ్ కావాలంటే మా ఇంటి ముందు వేపచెట్టు కిందికే రావాలి, సిగ్నల్ అక్కడే ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆమె దగ్గర ఒక ఫారం ఉంది. వయసు, పొగాకు, మందు, నడుం కొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అన్న వివరం. ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటాయి, మొత్తం నాలుగు దాటితే ముందు వరసలో పరీక్షలకు పిలుస్తారు. నడుం చుట్టూ టేపు వేసి, “ఊపిరి వదలండి సారూ” అంది. “వదిలితే టేపు చాలదక్కా” అన్నాను. చివరికి వదలక తప్పలేదు. బళ్లో లెక్కల్లో ఎన్నడూ గట్టెక్కని నేను ఈ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసయ్యాను.

నా తర్వాత, జ్వరం వచ్చి ఆ రోజు చేనుకు పోని మా పక్కింటాయన వంతు.

“మందు కొడతవా అన్నా?”

“కొడుత. వారం తప్పకుండ.”

“ఎంత కొడతవ్?”

“ఎకరానికి పది ట్యాంకులు.”

అక్క నవ్వు ఆపుకుంది. యాప్‌కు నవ్వు రాదు. అందులో అవును, కాదు అనే రెండే గడులున్నాయి. పత్తికి పురుగుమందు కొట్టి వచ్చిన రాత్రి ఆయనకు కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి, చేతులు మండుతాయి. వీటిలో దేనికీ గడి లేదు. అక్క సరిగ్గానే ‘కాదు’ నొక్కింది. ప్రతి ఊళ్లోనూ ఆమెలాంటి అక్క ఉండదు కాబట్టి, పత్తి సీజన్‌లో తాగుడు పెరుగుతోందని ఎప్పుడైనా నివేదిక వస్తే మీరేం కంగారు పడకండి.

వాళ్లావిడను వారానికి నూట యాభై నిమిషాలు వ్యాయామం చేస్తారా అని అడిగారు. రోజూ చీకటితో లేచి నీళ్లు మోసి, పొద్దుగూకేదాకా నడుం వంచి పత్తి ఏరే మనిషి. “వ్యాయామమంటే ఏంది?” అంది. పొద్దున పార్కులో చేతులూపుకుంటూ నడవడమని నేనే వివరించాను. “మా ఊళ్లె పార్కు లేదు గద” అంది. నిజమే. రాసుకున్నారు.

ఈ ‘అవసరం’ అనే మాట మీద పెద్దలు చాలా ఆలోచించారు. బ్రాడ్‌షా అనే ఇంగ్లండు పండితుడు 1972లో దాన్ని నాలుగు ముక్కలు చేశాడు: నిపుణులు ఇంత ఉండాలని నిర్ణయించింది, మనిషికి తనకు తోచింది, నోరు తెరిచి అడిగింది లేదా గడప తొక్కింది, పక్కవాళ్లతో పోల్చితే తేలింది. మనవాళ్లు మొదటిదాన్ని బాగా పట్టుకున్నారు. మైదాన ప్రాంతంలో ఐదు వేల మందికి ఒక సబ్‌సెంటర్, గిరిజన ప్రాంతమైతే మూడు వేలకు. పీహెచ్‌సీ అయితే ముప్పై వేలకు, ఇరవై వేలకు. తలకాయలు లెక్కపెడితే చాలు, తలకాయలో నొప్పి ఉందా అని అడగనక్కర్లేదు. ఆ తలకాయల లెక్కకూ 2011 జనాభా లెక్కలే ఆధారం. అప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్ల పదో తరగతి దాటింది. ప్రణాళికలో మాత్రం ఇంకా చుక్కల మందు వేయించుకుంటూనే ఉంది.

పాత లెక్కతో కొత్త లెక్కను పోల్చి చూద్దామా అంటే మాకు ఇంకో సౌకర్యం ఉంది. ములుగులో ఉండే మనిషి 2016 దసరా దాకా వరంగల్ జిల్లా వాడు, తర్వాత భూపాలపల్లి జిల్లా వాడు, 2019 నుంచి ములుగు జిల్లా వాడు. మంచం మీద నుంచి లేవకుండానే మూడు జిల్లాలు తిరిగాడు. ఆయన మోకాళ్ల నొప్పి ఏ జిల్లాలో మొదలైందో, ఏ జిల్లాలో ముదిరిందో ఎవరు తేలుస్తారు?

మూడో రకం అవసరం, అంటే గడప తొక్కినవాళ్లది, ఓపీ రిజిస్టరులో ఉంటుంది. మా వాళ్లు జ్వరమొస్తే రాత్రికి రాత్రి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుని, సెలైన్ ఎక్కించుకుని, పొద్దున్నే చేనుకు పోతారు. ఆయన రిజిస్టరు రాయడు, అప్పు పుస్తకం రాస్తాడు. కాబట్టి సర్కారు దవాఖానలో ఓపీ తక్కువ. ఓపీ తక్కువంటే అవసరం తక్కువ. అవసరం తక్కువైన చోట డాక్టరును ఉంచడం దండగ. డాక్టరు లేడు కాబట్టి ఎవరూ పోరు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు ఎంత చక్కగా తిరుగుతుందో చూడండి.

ఇక మనిషికి తనకు తోచిన అవసరం. అది అడగడానికి ఒకసారి ఊళ్లో మీటింగ్ పెట్టారు. రాత్రి పూట పురుడొస్తే బండి కావాలన్నారు. దవాఖాన దాకా పొద్దున ఒక బస్సు కావాలన్నారు. కోతులు కరుస్తున్నాయి, వాటిని పట్టుకుపొమ్మన్నారు. మోరీ తీయించమన్నారు. వచ్చిన సారు చాలా ఓపిగ్గా వివరించాడు: బస్సు ఒక శాఖ, కోతి ఒక శాఖ, మోరీ పంచాయతీ. కోతి కరిచాక పడే సూది మాత్రం మా శాఖే, దానికి రండి.

వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల ఊళ్లో వైద్యం చేసిన ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే ఒక సూత్రం చెప్పాడు. ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడ మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందట. అక్కడా బొగ్గే, భూపాలపల్లిలోనూ బొగ్గే కాబట్టి మేం దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేస్తున్నాం. హన్మకొండలో రాయి విసిరితే ఏదో ఒక స్కానింగ్ సెంటర్ బోర్డుకు తగులుతుంది. ఏటూరునాగారం అవతల వానాకాలంలో వాగు పొంగితే నిండు చూలాలిని మంచం మీద మోసుకొస్తారు. అయితే ఆయన దాన్ని హెచ్చరికగా చెప్పాడని తర్వాత తెలిసింది. అప్పటికే మేం గైడ్‌లైన్ అనుకున్నాం.

చీకటి పడుతుంటే మా ఎదురింటి అవ్వ చేను నుంచి వచ్చింది. తలమీద పత్తి మూట, ఒక చెయ్యి నడుం మీద. మూట దించి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటూ, తెల్లటి అక్షరాల మీద వేలు పెట్టింది.

“ఏం రాసి పోయిన్రు బిడ్డా?”

“డోర్‌లాక్ అని రాసిన్రు అవ్వా.”

“అయ్యో.” కాసేపు ఆగింది. “అదేం బీమారు? గోలీలేమన్న ఇస్తరా?”