అమ్మేవి మిగిలిపోయిన ద్రాక్షలు కావు

సొంత వైనరీ (వైన్ తయారుచేసే చోటు) ఉన్న ద్రాక్ష తోటల గురించి ఒక మాట తెగ తిరుగుతోంది: "యజమాని మేలైన పళ్లు తన వైన్‌కి ఉంచుకుని, ఏరగా మిగిలినవి బయటివాళ్లకి అమ్ముతాడు. అందుకే కొన్న పళ్లతో చేసిన వైన్ రెండో రకం. లేబుల్ మీద 'ఎస్టేట్ బాటిల్డ్' ఉంటేనే కొనండి. అయినా వైనరీ బాగా నడిస్తే పళ్లెందుకు అమ్ముకుంటాడు?" కాలిఫోర్నియాలో నాపా, సోనోమా చూసొచ్చిన మనవాళ్లు కూడా దీన్ని నమ్మి పంచుతున్నారు. తోటల్లో చెమటోడ్చేవాళ్లకి ఇది అన్యాయం చేసే మాట.

ముందు ఆ "ఏరి ఉంచుకోవడం" సంగతి. మామిడికాయల్లా కోశాక గంపలో ఏరే వ్యవహారం కాదిది. పేరున్న తోటల్లో బేరం కోతకి చాలా ముందే, తరచుగా కొన్నేళ్లకి కలిపి కుదురుతుంది. ఫలానా మడి, ఫలానా వరసలు అని రాసుకుంటారు. ఎప్పుడు కోయాలో చాలాచోట్ల కొనేవాళ్లే చెబుతారు. టన్ను లెక్కన కాక ఎకరాకి ఇంత అని కట్టినప్పుడైతే, మిగిలినవి బాగా పండాలని కొన్ని పచ్చి గుత్తుల్ని తుంచి పారేయమని కూడా వాళ్లే అడుగుతారు. ఇంత పట్టు ఉన్నవాళ్లకి తాలు అంటగట్టడం కుదరదు.

లారీ హైడ్ 1979లో నాపా దక్షిణాన కార్నెరోస్‌లో తోట వేశారు. అక్కడి షార్డొనే (తెల్ల వైన్ చేసే ద్రాక్ష రకం) పళ్లతో కిస్లర్, రేమీ లాంటి వైనరీలు తమ పేరుతో పాటు ఆ తోట పేరూ వేసి వైన్ అమ్ముతున్నాయి. 2000లో ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ బర్గండీకి చెందిన ఒబేర్ ద విలేన్ కుటుంబంతో కలిసి హైడ్ సొంత వైన్ కూడా మొదలుపెట్టారు, పళ్లు అమ్మడం మానలేదు. అమెరికా చట్టం ప్రకారం సీసా మీద తోట పేరు వేయాలంటే అందులో కనీసం 95 శాతం ఆ తోట పళ్లే ఉండాలి. నాసిరకం పళ్లు పంపితే వేరేవాళ్ల సీసా మీద చెడేది తన తోట పేరే కదా!

'ఎస్టేట్ బాటిల్డ్' నాణ్యతకి ముద్ర కాదు. తోట, వైనరీ ప్రభుత్వం గుర్తించిన ఒకే ద్రాక్ష సాగు ప్రాంతంలో ఉండాలి, పళ్లన్నీ వైనరీ సాగు చేసిన నేలవే అవ్వాలి, పిండడం నుంచి సీసాలో నింపడం దాకా అక్కడే జరగాలి. అంతే. ఆ నేల సొంతం కాకపోయినా, కనీసం మూడేళ్ల కౌలు ఉన్నా సరిపోతుంది.

ఇక డబ్బు. టన్ను పళ్లకి దాదాపు 700 సీసాలొస్తాయి. మేలురకం ఎర్ర వైన్ తరచుగా ఏడాది, రెండేళ్లు పీపాల్లోనే ఉంటుంది. ఈలోగా కూలీలు, పీపాలు, గాజు సీసాలు అన్నిటికీ చేతి నుంచే పెట్టాలి. పళ్ల డబ్బు మాత్రం చాలావరకు కోత అయిన కొన్ని నెలల్లో చేతికొస్తుంది. పళ్లు అమ్మడం, వైన్ చేయడం రెండూ చేయడం బలహీనత కాదు, తెలివైన సాగు.

యజమాని తనకి నచ్చిన మడి ఒకటి అట్టిపెట్టుకోవడం ఉంది, కాదనను. కానీ 2024లో కాలిఫోర్నియాలో కొనేవాళ్లు లేక ఎన్నో తోటల్లో పళ్లు తీగల మీదే ఉండిపోయాయి. అలాంటి ఏడాది ఒప్పందం ఉన్న మడుల పళ్లు ముందు కొన్నవాళ్లకే వెళ్తాయి. అమ్ముడుపోనివాటిలో కొన్ని యజమాని సొంత వైనరీకి చేరొచ్చు.